గ్లాసు తొణకని పరుపు

ఆ పరుపుల షాపులో ఒకటే కఠినమైన రూలు. డెమోకి తప్ప స్టాఫ్ మంచాల మీద పడుకోకూడదు. పొద్దున్నుంచి రాత్రి దాకా మెత్తటి పరుపుల మధ్య నిలబడి, "ఒక్కసారి పడుకుని చూడండి మేడమ్" అని వచ్చినవాళ్లందర్నీ బతిమాలాలి.

సోమవారం స్ప్రింగు డ్యూటీకి వచ్చేసరికి, చెప్పొద్దూ, షాపులో ప్రతి పరుపూ తనని పేరుపెట్టి పిలుస్తున్నట్టే ఉంది.

స్ప్రింగు అనేది ఆమెకి షాపువాళ్లు పెట్టిన పేరు. డెమోలో గెంతే డ్యూటీ ఆమెది. పరుపుకి ఒక పక్క సేల్స్‌మన్ పడుకుంటాడు. బొద్దుగా మెత్తగా ఉంటాడని అతన్ని అందరూ దిండు అంటారు. అతని పక్కన నిండా నీళ్లున్న గ్లాసు పెడతారు. రెండో పక్క స్ప్రింగు ఎక్కి ఎగిరెగిరి గెంతుతుంది. గ్లాసు తొణకదు. "చూశారా! పక్కవాళ్లు ఎంత దొర్లినా మీ నిద్ర చెడదు" అంటాడు మేనేజరు. కస్టమర్ పర్సు తీస్తాడు.

వాళ్లిద్దరి మొదటి గొడవా ఆ గ్లాసు దగ్గరే. చేరిన రోజు ఆమె గెంతు గురి తప్పి నీళ్లన్నీ అతని ముక్కులోకి పోయాయి.

"గెంతమన్నది పరుపు మీద తల్లీ, నా ప్రాణం మీద కాదు!"

"ముక్కు గ్లాసు వైపు పెట్టి పడుకోమన్నదెవరు?"

అప్పట్నుంచి రోజూ గొడవే. అలా గొడవపడుతూ, ఒక సాయంత్రం వానలో ఒకే గొడుగు కింద బస్సు కోసం నిలబడి, ఎప్పుడు ముద్దు పెట్టుకున్నారో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు.

ఆ గొడుగు వ్యవహారం ముదిరి ముదిరి మొన్న శుక్రవారం ఆస్పత్రి దాకా వెళ్లింది. స్ప్రింగు అబార్షన్ చేయించుకుంది. మాత్రలతో అయ్యే రోజులు దాటాయన్నారు, చిన్న ఆపరేషన్ చేశారు. ఆమె ఉండేది నలుగురమ్మాయిల అద్దె గదిలో. అతను పడుకునేది అన్నయ్య ఇంట్లో సోఫా మీద. రోజంతా డబుల్ కాట్లు అమ్మే ఇద్దరికీ కలిపి ఒక్క మంచం లేదు. ఇప్పుడు పిల్లలొద్దని ఆమె తేల్చేసింది, అతను సరేనన్నాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని నర్సు గొణిగితే, "కడిగే చోటికే వచ్చాను కదా సిస్టర్" అంది.

ఆమెకి పశ్చాత్తాపం లేదు. పొత్తికడుపులో నొప్పి ఉంది, నెలసరిలా బ్లీడింగ్ ఉంది, ఎక్కడైనా వాలిపోవాలని ఉంది. రెండు వారాలు బరువులెత్తొద్దు, గెంతొద్దు అంది డాక్టరమ్మ. సెలవు మాత్రం ఆదివారం దాకానే దొరికింది.

ఆమె భయం వేరే. దిండు మంచివాడైపోయాడు.

"ఈ కుర్చీ ఎవరు వేశారిక్కడ?"

"నేనే. కూర్చుంటావని."

"నేనేమైనా ముసలమ్మనా?"

"సరే, తీసేస్తాలే."

"తియ్యమన్నానా?"

"సరే, ఉంచుతా."

"ఈ మంచానికి నీలం దుప్పటి బావుందా, పచ్చదా?"

"నీకేది నచ్చితే అదే."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. తలగడ గలీబు రంగు మీద అరగంట వాదించే మనిషి, ఇప్పుడు గంగిరెద్దులా తలాడిస్తున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకంట! పైగా శుక్రవారం, ఆమె ఇంకా మత్తులో ఉండగానే, "పెళ్లి చేసేసుకుందాం" అన్నాడు. ట్రాఫిక్ చలానా కట్టేవాడి మొహం పెట్టుకుని మరీ అన్నాడు. ఆమె వద్దంది. అప్పట్నుంచి ఇదీ వరస. ప్రేమ పోయి జాలి మిగిలిందేమో! అదే నిజమైతే తన మనిషి పోయినట్టే. ఆ ఆలోచన కడుపునొప్పి కన్నా ఎక్కువ బాధపెట్టింది.

క్యాష్ కౌంటర్లో కూర్చునే ఆవిణ్ణి అందరూ రేడియో అక్క అంటారు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. కుర్చీ చూసింది, ఫ్లాస్కులో వేడినీళ్లు చూసింది, స్ప్రింగు హ్యాండ్‌బ్యాగు మోస్తున్న దిండుని చూసింది. ఇంకేం కావాలి! వాష్‌బేసిన్ దగ్గర పట్టుకుంది.

"ఏమే, నీళ్లోసుకున్నావా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. కానీ స్ప్రింగుకి అబద్ధాలాడే ఓపిక కూడా లేదు.

"పోసుకున్నానక్కా. మొన్న శుక్రవారం పారబోసుకున్నాను కూడా."

రేడియో ఆగిపోయింది. ఆ షాపు తెరిచాక అదే మొదటిసారి. అక్క కుళాయి కట్టేసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"నాకు రెండుసార్లయింది. మీ బావకి తెలిసింది ఒక్కటే. నొప్పికి మాత్ర వేసుకున్నావా? ప్యాడ్లు నా డ్రాయర్లో ఉన్నాయి, అడక్కుండా తీసుకో. ఇంతకీ ఆ దిండుగాడు ఎలా ఉంటున్నాడు?"

"మంచిగా ఉంటున్నాడక్కా. అదే నా ఏడుపు."

"మంచిగానా? అయ్యో పాపం!" అంది అక్క మనస్ఫూర్తిగా.

మధ్యాహ్నం ఒక జంట వచ్చింది. "ఈయన రాత్రంతా చేపలా కొట్టుకుంటాడండీ, నాకు నిద్రుండదు" అందావిడ. మేనేజరు చప్పట్లు కొట్టాడు.

"స్ప్రింగూ! ఎక్కమ్మా!"

గోడౌన్లోంచి దిండు పరిగెత్తుకొచ్చాడు. "నేను గెంతుతా సార్!"

"నువ్వా? ఆ అమ్మాయికేమైంది?"

"కాలు బెణికింది సార్."

"కాలా? పన్ను పీకించుకోవాలని కదా సెలవు తీసుకుంది!"

ముందే ఒక మాట అనుకోవాలన్న ఇంగితం ఇద్దరికీ లేకపోయింది. స్ప్రింగు వెంటనే చెంప పట్టుకుంది, తర్వాత గుర్తొచ్చి కుంటింది.

"ఆ పన్ను వేరు... బాగా కిందిదాకా ఉందంట సార్" అన్నాడు దిండు.

"జ్ఞానదంతం సార్" అంది కౌంటర్లోంచి రేడియో అక్క, నోట్లు సర్దుకుంటూ. "మా ఆడపడుచుకీ ఇలాగే కాలు పట్టేసింది."

మేనేజరు ఆ చేపాయన్నే గ్లాసు పక్కన పడుకోబెట్టాడు. దిండు మంచం ఎక్కి దేవుణ్ణి తలుచుకుని గెంతాడు. గ్లాసు లేచింది. గ్లాసుతోపాటు చేపాయన కూడా లేచాడు. నీళ్లు వెళ్లి మేనేజరు టై మీద పడ్డాయి. ఆవిడ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఆలోచించుకుని వస్తామండీ" అని మొగుణ్ణి లాక్కుపోయింది.

"గోడౌన్లోకి పోండి ఇద్దరూ! నా కళ్ల ముందుండకండి!"

గోడౌన్లో ప్లాస్టిక్ కవర్లు చుట్టిన పరుపుల మధ్య స్ప్రింగు అతనికి అడ్డం నిలబడింది.

"ఎవడు గెంతమన్నాడు నిన్ను?"

"సరే, తప్పు నాదే."

"మళ్లీ సరే! ఒరేయ్, ఇంకొక్కసారి సరే అంటే ఈ కవర్లో చుట్టి లారీ ఎక్కించేస్తా. జాలా నా మీద?"

"జాలి కాదు."

"మరేంటి?"

"భయం." అతను కవరు అంచు గోకుతూ నిలబడ్డాడు. "నిన్ను లోపలికి తీసుకెళ్లాక నీ చెప్పులు పట్టుకుని కూర్చున్నా. ఆవిడ నీకేమవుతుందని వార్డుబాయ్ అడిగాడు. చెప్పులు చూపించా."

ఆమెకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది.

"పెళ్లి వద్దన్నావ్. ఇక గొడవ కూడా పెట్టుకుంటే మొత్తానికే పోతావనిపించింది. అందుకే నోరు మూసుకున్నా. ఇంకోటి కూడా చెప్పాలి. తిట్టకు."

"చెప్పి చావు."

"ఆ రోజు ఆస్పత్రి దగ్గర కొట్లు మూసేశారు, నువ్వడిగిన బిస్కెట్లు దొరకలేదన్నాను కదా. దొరికాయి. టెన్షన్లో నేనే తినేశా. ప్యాకెట్ మొత్తం."

"ఏంటీ! ఖాళీ కడుపుతో కళ్లు తిరిగి నేనక్కడ పడుంటే, నా బిస్కెట్లు నువ్వు మింగావా?"

"సరే, త..." అనబోయి, ఆమె కవరు అందుకోవడం చూసి ఆగిపోయాడు. గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. "అయినా తప్పంతా నాదేనా? క్రీమ్ బిస్కెట్లే కావాలన్నదెవరు? మామూలువైతే నేను ముట్టుకునేవాణ్ణి కూడా కాదు!"

"తిండిపోతు వెధవా!"

"గొడుగు మొత్తం లాక్కునేదానివి, నువ్వా నాకు చెప్పేది? ఆ రోజు నా ఎడం భుజం తడిసి ముద్దయింది!"

"నీ భుజం నా గొడుగు కన్నా వెడల్పుంటే నేనేం చెయ్యను?"

"పెద్ద గొడుగు కొనుక్కో!"

అమ్మయ్య, వచ్చాడు. ఇదీ తన మనిషి. ఆమెకి నవ్వు ఆగలేదు, నవ్వుతూనే పొత్తికడుపు పట్టుకుని వంగిపోయింది. "నవ్వించకు, నొప్పెడుతోంది."

"నవ్వమని ఎవరన్నారు?" అన్నాడు గానీ చెయ్యి మాత్రం వచ్చి ఆమె వీపు మీద ఆగింది. ఆమె అతని చెమట చొక్కాకి మొహం ఆనించి కాసేపు ఏడ్చింది. ఎందుకని అతను అడగలేదు. అతనూ ఏడ్చాడు, ఆమె కన్నా గట్టిగానే.

రెండు వారాలకి డాక్టరమ్మ ఇక గెంతుకోమంది. మర్నాడే ఆ చేపాయన భార్య మళ్లీ వచ్చింది, పాపం నిద్రలేక కళ్ల కింద చారలు పడ్డాయి. దిండు పడుకున్నాడు. గ్లాసు నింపారు. స్ప్రింగు చెప్పులు విప్పి మంచం ఎక్కింది.

గెంతింది. గ్లాసు తొణకలేదు. ఇంకా పైకి గెంతింది. ఊహూఁ.

"ఏయ్" అన్నాడు దిండు, పైకప్పు చూస్తూ. "పెళ్లి చేసుకుందామా?"

"కనపడట్లేదా? పనిలో ఉన్నా."

"ఈసారి జాలీ కాదు, భయమూ కాదు. పెళ్లయితే సగం గొడుగైనా నాకొస్తుందని ఆశ."

గాల్లో ఉండగా నవ్వొచ్చిందామెకి. కిందికి దిగేసరికి కాళ్లు నిలవక వెల్లకిలా వచ్చి అతని పక్కన పడింది. గ్లాసు పల్టీ కొట్టి ఇద్దరి మొహాలూ తడిపేసింది.

"లేవండి! స్టాఫ్ పడుకోకూడదని తెలీదూ?" అని అరిచాడు మేనేజరు.

ఆమె లేవలేదు. అబ్బ, ఎంత మెత్తగా ఉందో! ఇన్నాళ్లూ అందరికీ చెప్పడమే గానీ తనకి తెలిస్తేగా.

"స్టాఫ్ కాదు సార్" అంది, తడి మొహంతో కళ్లు మూసుకునే. "ఇప్పుడు మేమిద్దరం కస్టమర్లం. మాకూ ఒకటి చూపించండి."