సగం పన్ను

"నేను చెప్పిందే చెప్పు. మెట్ల మీంచి జారిపడ్డావు, అంతే. ఒక్క ముక్క అటూ ఇటూ అయిందో, ఆ రెండో చెయ్యి కూడా మిగలదు" అంటూ లారీ డ్రైవరు భార్య జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు.

ఆమె దర్జీ. వీధిలో సగంమంది ఆమె కుట్టిన బట్టలే తొడుక్కునేవారు. కిందటేడు ఓ మధ్యాహ్నం, అన్నం చల్లారిపోయిందన్న పాపానికి, ఆమె కుడిచేతిని తలుపు సందున పెట్టి ధడాలున తలుపు మూశాడు... ఆ వేళ్ళు మళ్ళీ కత్తెర పట్టలేదు. కుట్టుపని ఆగింది, ఇంటిపన్ను బకాయి పడింది. అత్తగారి పేరున ఉన్న ఆ రెండు గదులూ జప్తు చేస్తామని మునిసిపాలిటీవాళ్ళు తలుపుకు నోటీసు అంటించారు. కాలో చెయ్యో పనికిరాని మనిషి ఉన్న ఇంటికి పన్ను సగం తగ్గిస్తారని ఎవరో చెప్పగానే డ్రైవరుకు ప్రాణం లేచొచ్చింది. తాను విరిచిన చెయ్యే తనకు అక్కరకొచ్చింది మరి!

మునిసిపాలిటీ నుంచి తనిఖీకి వచ్చినావిడ నడివయసు మనిషి. కుర్చీ చివర కూర్చుని, ఆ వంకర్లుపోయిన వేళ్ళను తన చేతిలోకి తీసుకుంది.

"ఎలా అయిందమ్మా?"

"మెట్ల మీంచి... జారిపడ్డానండీ."

ఆవిడ ఇల్లంతా ఓసారి కలయజూసింది. "ఈ ఇంటికి మెట్లెక్కడున్నాయమ్మా?" అంది మెల్లగా.

ఏడాదిగా దిగమింగుకున్న ఏడుపంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "మా ఆయనే తలుపు సందున పెట్టి నలిపేశాడండీ..."

"అబద్ధం. కావాలంటే మా అమ్మనడగండి" అన్నాడు డ్రైవరు.

అత్తగారు కొడుకును ఏనాడూ పల్లెత్తు మాట అనని మనిషి. లేచి వచ్చి కోడలి పక్కన నిలబడింది. "కోడలు చెప్పిందే నిజం. అప్పుడు నేనిక్కడే ఉన్నాను" అంది.

అతడు పీట ఎత్తి భార్య మీదికి దూకాడు. అత్తగారు అడ్డం వచ్చింది. ఆ దెబ్బకు ముసలి నుదురు చిట్లి నెత్తురు చిమ్మింది! అతడు మళ్ళీ పీట ఎత్తబోతుంటే, కోడలు ఎడంచేత్తో ఇస్త్రీపెట్టె అందుకుని అతని మణికట్టు మీద శక్తికొద్దీ కొట్టింది. ఎముక విరిగిన చప్పుడయింది. ఆమె ఎరిగిన చప్పుడే అది.

ఇరుగుపొరుగు వచ్చి అతణ్ణి పెడరెక్కలు విరిచి పట్టుకున్నారు. పోలీసులు వచ్చి తీసుకుపోయారు.

తనిఖీకి వచ్చినావిడ కింద పడిన కాగితాలు ఏరుకుంది. "పన్ను తగ్గించమని రాస్తానమ్మా. ఇంట్లో ఎంతమందని రాయమంటారు?" అంది.

"ఇద్దరం" అంది అత్తగారు. అనేసి, కన్నకడుపు కదా, కొడుకును తలుచుకుని గుండెలు బాదుకుని ఏడ్చింది.

కోడలు ఊరుకోమని అనలేదు. పక్కన చతికిలబడి, పైటచెంగు తడిపి, ఆ నుదుటి నెత్తురు తుడుస్తూ ఉండిపోయింది.