కుడి చెవిది

...అదే చెబుతున్నా చెల్లీ, చెబుతున్నా. కోప్పడకు. నువ్వడిగి చాలా రోజులైంది, నేను "తర్వాత చెబుతా, తర్వాత చెబుతా" అని నాన్చుతూనే ఉన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు మరి. నా సంగతి నీకు తెలుసు కదా, ఉల్లిపాయ ధర అడిగితే పొలం దున్నిన దగ్గర్నుంచి మొదలుపెడతాను. ఈ వాయిస్ నోటు పొడుగవుతుంది. నువ్వు స్పీడు పెంచి వింటావుగా, ఈ ఒక్కటీ అలా వినకు.

"నీ గొంతు వెనక ఎవరో ఊపిరి తీస్తున్నారు, ఎవరక్కా?" అని అడిగావు. మొదట పక్కింటి కుక్క అన్నాను. అబద్ధం. పక్కింట్లో కుక్క లేదు.

నా ఫోన్ సింకులో పడి పోయింది కదా. బియ్యంలో పెట్టు, ఎండలో పెట్టు అని తలా ఒక సలహా ఇచ్చారు గానీ అది లేవలేదు. కొత్తది ఎందుకులే, ఇంట్లో ఒకటి ఊరికే పడుంది కదా అని మీ బావ ఫోన్ తీశాను. దాని అవతారం నువ్వు చూడలేదు. మూల పగిలిన స్క్రీన్ గార్డు, పచ్చబడిపోయిన పౌచ్. ఛార్జింగ్ వైరు ఒక పక్కకి వంచి, కింద అగ్గిపెట్టె ఆనిస్తే తప్ప ఎక్కదు. ఆ మనిషి లాంటిదే ఆ ఫోనూ. ఒక వైపు నుంచి పట్టుకుంటేనే పలుకుతుంది.

ఇయర్‌బడ్స్ మాత్రం మంచివి. ఆయన మిల్లులో పని మానేసిన రోజు తోటివాళ్ళంతా కలిసి కొనిచ్చారు. వైర్లు ఉండవు, చిక్కుడు గింజల్లా చెవిలో ఇమిడిపోతాయి. బయటి శబ్దం ఏదీ లోపలికి రానివ్వవట. ఇచ్చినవాళ్ళు చల్లగా ఉండాలి, నా కాపురానికి తలుపేసి గడియ పెట్టారు.

నూలు మిల్లులో మాటలుండవు చెల్లీ. ఆ హోరులో ఎవరి గొంతు వాళ్ళకే వినపడదు. స్పానర్‌తో మెషిను మీద కొడతారు. ఒక దెబ్బంటే "ఆపు". రెండంటే "ఇలా రా". మీ బావ ఆ భాషే ఇంటికి తెచ్చుకున్నారు. కిటికీ పక్కన చెక్క కుర్చీలో కూర్చుని, దాని చేతి మీద వేలి కణుపుతో టక్ అని ఒక్కటి కొడితే నేను నోరు మూసుకోవాలి. టక్ టక్ అంటే టీ పట్టుకుని వెళ్ళాలి. పేరు పెట్టి పిలిచిన జ్ఞాపకమే లేదు నాకు. నేనూ అలాగే తయారయ్యాను. ఒంటి మీద సబ్బు ఉన్నా సరే, రెండు దెబ్బలు వినపడితే చాలు, "ఆఁ, వస్తున్నానండీ" అని నోరు దానంతటదే అనేసేది. నువ్వొకసారి చూసి నవ్వావు కూడా. "బావ రిమోట్ కొన్నాడే" అన్నావు.

ఆ ఇయర్‌బడ్స్‌కి ఒక గుణం ఉంది. రెండిట్లో ఏదో ఒకటి చెవిలోంచి తీస్తే చాలు, పాట ఆగిపోతుంది. మళ్ళీ పెట్టుకుంటే సాగుతుంది. పాలవాడొస్తే ఆయన కుడి చెవిది తీసేవారు. మా మరిది వస్తే తీసేవారు. గ్యాస్ బండ మోసుకొచ్చినవాడి కోసం కూడా తీసి రెండు ముక్కలు మాట్లాడేవారు. నా కోసం ఒక్కసారి తీయలేదు. నేను మాట మొదలుపెట్టి, ఒడిలో ఉన్న ఫోన్ వంక చూసేదాన్ని, పాట ఆగిందేమోనని. స్క్రీన్ మీద పాటతో పాటు నడిచే గీత అలా కదులుతూనే ఉండేది. నాకు ఆ గీతే సవతి.

ఇప్పుడొక మాట చెబుతాను. ఏడవకు. ఏడిస్తే నేను చెప్పలేను.

నా రొమ్ములో గడ్డ ఉంది. ఎడమ వైపు. డాక్టరమ్మ చూసి, "ముక్క తీసి పరీక్షకి పంపాలి, వెంటనే రావాలి, ఆలస్యం చేస్తే చెయ్యి దాటిపోతుంది" అంది. మీ బావ పోయిన రోజు నేను ఆవిడ దగ్గర్నుంచే ఇంటికొచ్చాను.

వచ్చి టీ పెట్టి ఇచ్చాను. ఆరిన బట్టలన్నీ ముందేసుకుని కింద కూర్చున్నాను. ఆయన కుర్చీలో, చెవుల్లో అవి. సరే, ఈ రోజు పాట ఆగినా ఆగకపోయినా చెప్పేస్తాను అనుకున్నాను. చొక్కా మడతపెడుతూ మొదలుపెట్టాను. ఎప్పుడు తగిలిందో, ఎందుకు దాచానో, డాక్టరమ్మ ఏమందో, నాకెంత భయంగా ఉందో... అన్నీ చెప్పాను. బట్టలన్నీ అయిపోయాయి, నా మాటలూ అయిపోయాయి. "టక్" అని ఒక దెబ్బ కూడా పడలేదు. నేనేం అనుకున్నానో తెలుసా? పోనీలే, ఈసారికి ఆపకుండా విన్నారు, అనుకున్నాను. మనసు కాస్త కుదుటపడింది కూడా.

గ్లాసు తీద్దామని లేచాను. టీ మీద మీగడ కట్టేసింది. ఆయన చెయ్యి తగిలింది. రాయిలా ఉంది.

ఒడిలో పాట నడుస్తూనే ఉంది.

ఎప్పుడు పోయారో ఎవరూ చెప్పలేకపోయారు. నేను మొదలుపెట్టక ముందో, మధ్యలోనో. నాకెలా తెలుస్తుంది చెప్పు? అంతకు ముందు కూడా అలాగే కూర్చునేవారు కదా!

మీరంతా వచ్చారు, ఏడ్చారు, అన్నీ జరిగాయి. ఆ తర్వాత ఇల్లు సర్దుతుంటే ఇయర్‌బడ్స్ డబ్బాలో ఎడమది ఒక్కటే ఉంది. ఆయన్ని లేపి పడుకోబెట్టినప్పుడు అది కుర్చీ కింద పడితే నేనే తీసి డబ్బాలో పెట్టాను. కుడిది లేదు. ఇల్లంతా ఊడ్చాను. చివరికి మరిదికి ఫోన్ చేసి అడిగాను. "వదినా... అది అన్నయ్య చెవిలోనే ఉంది. తయారు చేసినప్పుడు చూశాను. కానీ అన్నయ్య చెవి ఎప్పుడూ అలాగే ఉంటుంది కదా, తీయాలని తోచలేదు" అన్నాడు. చూడు! ముఖానికి ముక్కున్నట్టు ఆయనకి అది ఉంది. చివరి చూపు చూసిన ఇంతమందిలో ఒక్కరికీ అది తేడాగా కనపడలేదు. నాకూ కనపడలేదు. చెవిలో దాంతోనే మట్టిలో పెట్టి వచ్చాం.

ఆ కుర్చీ ఇంట్లో ఉంచలేక మరిది చేత వాళ్ళింటికి పట్టించేశాను. ఇప్పుడు ఆ మూల ఖాళీగా ఉంది. గచ్చు మీద నాలుగు కాళ్ళ మచ్చలు తప్ప ఏమీ లేవు.

ఫోన్ తీసి వాడుతున్నాను కదా, ఒంటరిగా వంట చేసుకుంటూ ఆ ఎడమది చెవిలో పెట్టుకునేదాన్ని. నీకు నోట్లు పంపింది దాంతోనే. ఒకరోజు స్క్రీన్ మీద చూశాను. ఎడమది ఇంత ఛార్జింగు, కుడిది ఇంత ఛార్జింగు అని రెండు బొమ్మలు. రెండూ కనెక్ట్ అయ్యాయట. కుడిది నిండుగా ఉంది.

నెలలు గడిచాక, మట్టి కింద, నిండుగా.

సందు చివర మొబైల్ షాపాయన దగ్గరికి వెళ్ళాను. అదే, గోడ నిండా పౌచ్‌లు తోరణాల్లా వేలాడేసుకుంటాడు, ఆయన. ఫోన్‌లో ఆ కనెక్షన్ మొత్తం తీసేసి మళ్ళీ కలిపాడు. కుడిది కనపడలేదు. "పాత లెక్క చూపించి ఉంటుందమ్మా, అప్పుడప్పుడూ ఫోన్లకి కూడా మతిమరుపు వస్తుంది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. వెళ్తూ వెళ్తూ మాటవరసకి అడిగాను, నా నోట్లలో ఊపిరి వినపడుతోందని మా చెల్లి అంటోంది, ఎందుకు అని. "ఇవి పెట్టుకుంటే మీ ఫోన్ మైకు పనిచెయ్యదమ్మా, వీటి మైకే పట్టుకుంటుంది. రెండిట్లో ఏదో ఒకటి పట్టుకుంటుంది" అన్నాడు.

ఇంటికొచ్చి తాళం తీశాను. గుమ్మంలో అడుగు పెట్టగానే సంచిలో ఫోన్ టింగుమంది. కుడిది కనెక్ట్ అయింది.

నిన్న సాయంత్రం సంగతి ఇక. వాన పట్టింది గుర్తుందా, మీ వైపు కూడా పడిందన్నావు. కరెంటు పోయింది. ఫోన్ వెలుగు తప్ప ఇంకేం లేదు. ఆ ఖాళీ మూలకి ఎదురుగా, గోడకి ఆనుకుని కింద కూర్చున్నాను. ఎడమది చెవిలో ఉంది, ఆయన పాత పాటలే నడుస్తున్నాయి. కిటికీలోంచి తడి మట్టి వాసన. వాన కదా, వస్తుందిలే అనుకున్నాను. కానీ అందులో ఇంకో వాసన కలిసింది. మెషిను నూనె... పత్తి దుమ్ము... మిల్లు నుంచి వచ్చాక ఆయన చొక్కా విప్పితే వచ్చే వాసన. ఆ చొక్కాలన్నీ ఇచ్చేశాను చెల్లీ. ఒక్కటి లేదు ఇంట్లో.

నాకు భయం వెయ్యలేదు. నిజం చెబుతున్నా. కడుపు మండింది. బతికున్నప్పుడు వినలేదు, చచ్చాక కాపలా కాస్తున్నారా అనిపించింది. ఆ మూల వంక చూస్తూ మెల్లగా అన్నాను, "నాకు గడ్డ ఉందండీ. ఆ రోజు చెప్పాను. విన్నారా?"

పాట ఆగిపోయింది.

ఎడమది నా చెవిలోనే ఉంది. చేత్తో తడిమి చూసుకున్నాను. ఉంది. మరి పాట ఆగాలంటే... రెండోది తీయాలి. ఎవరో ఒకరు... చెవిలోంచి తీయాలి.

నా కోసం తీశారు.

అలాగే కూర్చుని విన్నాను. చెవిలో ఏ శబ్దమూ లేదు. కాదు కాదు... ఉంది. నువ్వు విన్నావే, అదే. ఇరుకు చోట ముక్కుకి ఏదో అడ్డం ఉన్నట్టు. మెల్లగా... బరువుగా. వింటున్న మనిషి ఊపిరి.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను చెప్పుకున్నాను చెల్లీ. అంతా మళ్ళీ చెప్పుకున్నాను. నా కాపురం మొత్తంలో పాట ఆపి నా మాట విన్నది నిన్ననే. ఏడుస్తూ చెప్పాను, తిడుతూ చెప్పాను. ఆ మాట ఒకసారి వృథా అయ్యాక ఇంకెవరికీ చెప్పబుద్ధి కాలేదని, అందుకే డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదని కూడా చెప్పాను. చివర్లో అడిగాను. "వెళ్ళమంటారా? పరీక్ష చేయించుకోమంటారా?"

టక్.

ఒక్కటే. చెక్క మీద కణుపు దెబ్బ. ఆపు, అని.

నా చెవిలో వినపడిందో, ఆ మూలలోంచి వినపడిందో చెప్పలేను. ఆ వెంటనే పాట మొదలైంది. ఆగిన చోటు నుంచే.

రాత్రంతా దీపం పెట్టుకుని కూర్చున్నాను. తెల్లారాక బుర్ర కాస్త పనిచేసింది. ఏమిటీ మనిషి? ఉన్నన్నాళ్ళు నోరు ఆపు అన్నాడు, ఇప్పుడు బతుకు ఆపు అంటున్నాడా? చూశావా, ఎప్పుడూ "అన్నారు" అనేదాన్ని, "అన్నాడు" అని వచ్చేసింది. రానీ. బుద్ధిగా విన్నది చాలు. నాకు బతకాలని ఉంది చెల్లీ. ఏం చేస్తానో తెలియదు గానీ, ఉంది. పైటకి ఎడమ వైపు పిన్ను పెట్టుకోవాలంటే భయపడకుండా ఉండాలని ఉంది.

అందుకే నువ్వు రేపు పొద్దున్నే వచ్చెయ్. నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళు. నేను వద్దంటే వినకు. ఏ వంక పెట్టినా వినకు. చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్ళు. తాళం చెవి పక్కింటి టీచరమ్మ దగ్గర కూడా ఒకటి ఉంది, నేను తలుపు తీయకపోతే అడిగి తీసుకో. మీ ఇంట్లో నాలుగు రోజులుంటాను. నాకేం వండకు, నీ పక్కన పడుకోనిస్తే చాలు.

భయపడకు, ఇప్పుడు ఆ ఇయర్‌బడ్ నా చెవిలో లేదు. డబ్బాలో పెట్టి, డబ్బాని పప్పుల డ్రమ్ములో అడుగున పెట్టి, మూత బిగించాను. ఇది ఫోన్ నోటి దగ్గర పెట్టుకునే మాట్లాడుతున్నాను. ఈ నోటులో ఊపిరి వినపడదు చూడు. వినపడితే మాత్రం నాకు చెప్పకు, ఊరికే వచ్చెయ్.

వచ్చాక డాక్టరమ్మ రాసిచ్చిన కాగితాల కవరు కోసం వెతకనక్కర్లేదు, బీరువాలో పై అరలో పెట్టాను, చీరల కింద. ఇంకా ఒక మాట, డాక్టరమ్మ ముందు నువ్వు ఏడిస్తే నాకు ధైర్యం పోతుంది, కాబట్టి నువ్వు...

ఆఁ, వస్తున్నానండీ.