బాతుతో ఉపవాసం

"బాతుకి క్యాలరీలు తక్కువ ఉండే దాణా ఏమైనా ఉందాండీ?"

లింగంపల్లి స్టేషన్ దగ్గరి దాణా దుకాణంలో తవుడు తూస్తున్న రజిత తలెత్తి చూసింది. ఎదురుగా ఓ కుర్రాడు. మెడలో కంపెనీ కార్డు, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం, చంకలో అట్టపెట్టె. పెట్టెలో గోధుమరంగు బాతొకటి మెడ వాల్చుకుని ఉంది.

"ఎవరికి సార్? మీకా, బాతుకా?"

"బాతుకేనండీ. పేరు బ్రౌనీ. ఐదున్నర నెలలు. పోయిన నెలంతా విపరీతంగా తినేది, పొట్ట పెరిగింది. అందుకని ఫాస్టింగ్ పెట్టించాను. పదహారు గంటలు ఖాళీ, ఎనిమిది గంటలే తిండి. మా టీమంతా అదే చేస్తున్నాం."

రజిత చేతులకంటిన తవుడు దులుపుకుంది. హైటెక్ సిటీ వాళ్ళ తిక్క ఆమెకు కొత్త కాదు. కుక్కకు పుట్టినరోజు కేకు అడిగినవాళ్ళను చూసింది, పిల్లికి శాకాహారం అడిగినవాళ్ళనూ చూసింది. బాతుతో ఉపవాసం చేయించిన మహానుభావుణ్ణి మాత్రం ఇప్పుడే చూడటం.

"సన్నబడ్డదా మరి?"

"లేదండీ. రెండ్రోజులుగా అసలేం ముట్టట్లేదు. నా టవల్ లాక్కుని మూల పరుచుకుని కూర్చుంటోంది. నెట్లో డిప్రెషన్ అని ఉంది."

రజిత బాతు పొట్ట కింద మెల్లగా తడిమింది. దాంతో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"బలుపు కాదయ్యా ఇది. మొదటి గుడ్డు. గుడ్డు పెట్టే ముందు బాతు మస్తు తింటది. నువ్వు సరిగ్గ గప్పుడే దాని నోరు కట్టేసినవ్. పెంకు గట్టిపడే బలం లేక గుడ్డు లోపల్నే ఇరుక్కున్నది."

"చచ్చిపోతుందా?"

"ఇంకో రోజు గిట్లనే ఉంచు, పోతది."

అతను తవుడు బస్తా మీద కూలబడ్డాడు. ఆ మొహం చూసి ఆమెకు జాలేసింది గానీ, బయటపడితే మళ్ళీ ఉపవాసం పెడతాడని దాచుకుంది.

పశువుల డాక్టరుకు ఫోన్ చేసి, టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి బాతును కూర్చోబెట్టింది. డాక్టరు వచ్చి క్యాల్షియం సూది వేసి, ఇక కాసేపు చూడమని వెళ్ళాడు. బయట వాన పట్టుకుంది. టబ్బుకు అటొకరు, ఇటొకరు.

"నీ పేరు?"

"మ్యాడీ."

"నీ అసలు పేరు అడిగిన."

"మద్దిలేటి. మాది కర్నూలు పక్కన."

"ఊరి పిలగానివే. బాతుల్ని జూడలే?"

"మా అవ్వ సాకుతాండె. నేను హాస్టల్లో ఉంటి."

ఆఫీసు తెలుగు జారిపోయి సీమ మాట బయటికొచ్చింది. రజితకు ఆ మనిషి మొదటిసారి మనిషిలా కనిపించాడు.

గంట తర్వాత బాతు గుడ్డు పెట్టింది. పెంకు లేని మెత్తని తోలుగుడ్డు. మద్దిలేటి దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏడ్సుడు బంద్ జేసి, ఇగ రోజూ ఆల్చిప్పల పొడి కలిపి పెట్టు. కడుపునిండ."

నాలుగు శనివారాలు పొడి కోసమే వచ్చాడు. నిజానికి ఒక పొట్లం మూడు నెలలకు సరిపోతుంది. ఆ మాట ఆమె చెప్పలేదు, అతనూ అడగలేదు.

ఐదో శనివారం బాతు లేకుండా వచ్చాడు.

"బ్రౌనీ ఏది?"

"బాగుంది. తింటోంది, గుడ్లు పెడుతోంది. నాకే వారం నుంచి ఆకలి చచ్చిపోయింది. ఫాస్టింగ్ కూడా మానేశా."

"మూలకు కూసుంటున్నవా?"

"ఆ."

"టవలు పరుసుకుంటున్నవా?"

"ఎగతాళి వద్దు రజితా. శనివారం నిన్ను చూశాకే ఇంత తినబుద్ధవుతోంది. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు."

రజిత అతన్ని ఎగాదిగా చూసింది, పుచ్చిన మక్కజొన్న గింజలను చూసినట్టు. తర్వాత టిఫిన్ డబ్బా మూత తీసి, జొన్నరొట్టె, వంకాయ కూర అతని ముందుకు నెట్టింది.

"ముందుగాల తిను. రేపు మా అమ్మ ఇంట్లనే ఉంటది, వచ్చి మాట్లాడు. ఉపాసముండెటోనికైతే పిల్లనియ్యదు."

మద్దిలేటి చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. ఒక రొట్టె పూర్తిచేసి, రెండోది అడిగాడు.