గుంపులో ఒక గొంతు

ఉప్పల్‌లో ఆ సందులో పొద్దున తొమ్మిదింటికి వినిపించేవి రెండే. ఒకటి గ్రేసమ్మ కుక్కర్ కూత, రెండోది ఆమె కూతురు రోజీ కంప్యూటర్‌లోంచి వచ్చే చావుకేకలు. కూత మీద ఎవరికీ ఫిర్యాదు లేదు.

"పొద్దుగాల పొద్దుగాల ఇండ్ల ఈ ఏడ్పులేందే? జర దేవుని వాక్యం పెట్టుకోరాదూ?" అంది గ్రేసమ్మ వంటింట్లోంచి.

"ఏడిస్తెనే నాకు జీతమొస్తదమ్మా."

రోజీ నాచారంలో ఒక స్టూడియోలో సౌండ్ ఎడిటర్. ముప్పై ఏళ్ల కిందట బాగా ఆడిన సినిమాను ఇప్పుడు మళ్లీ తీస్తున్నారు. ఒక బంగళా, లోపల పదిమంది, బయట గేటు విరగ్గొట్టే గుంపు, తెల్లారేదాకా ముట్టడి. హీరో మారాడు, బంగళా మారింది. గుంపు అరుపులు మాత్రం పాతవే కావాలని దర్శకుడు పట్టుబట్టాడు. ఇప్పటివాళ్లు కడుపునిండా అన్నం తిన్న గొంతుతో అరుస్తారట! పాత టేపుల్ని శుభ్రం చేసి సాయంత్రానికి పంపాలి.

రోజీకి ముప్పై రెండేళ్లు. ఆడపిల్ల పుట్టిందని విని, మొహమైనా చూడకుండా తండ్రి అబ్బయ్య దవాఖానాలోనే వదిలేసి పోయాడని తల్లి చెప్పింది. ఎన్నిసార్లు చెప్పిందంటే, తర్వాత సందులోకి వచ్చి, అతన్ని ఎన్నడూ చూడని ఇరుగుపొరుగు కూడా ఇష్టంగా తిట్టేవారు.

స్టూడియో నుంచి తోటి ఎడిటర్ జీవన్ ఫోన్ చేశాడు. "రోజీ, మూడో టేపు మంచిగ విను. ఎవడో పేర్లు పెట్టి పిలుస్తున్నడు. మన కథల ఆ పేర్లు లెవ్వు, తీసెయ్యాలె."

"క్రౌడ్ డబ్బింగ్‌ల పేర్లెట్లొచ్చినయ్?"

"గుంపుకు డైలాగ్ పేపర్ ఎవడిస్తడు? మైకు సుట్టు నిలబెట్టి, ఆపకుండ అరువున్రి అంటరు. ఎవని కడుపులున్నది వాడు కక్కుతడు."

రోజీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్‌లోకి ఎక్కించిన మూడో టేపు తెరిచింది. ఇరవై గొంతుల్లో ఒక్కొక్కటీ విడదీసి తగ్గించుకుంటూ పోయింది. అడుగున ఒకటి మిగిలింది. మిగతావాళ్లు కొట్టండి, నరకండి అని అరుస్తుంటే ఈ గొంతు బతిమాలుతోంది.

"తలుపు తియ్యి గ్రేసూ. తాగలే, ఒట్టు. రోజీని ఒక్కసారి సూపియ్యి. మల్ల పోత."

రోజీ టేపును వెనక్కి జరిపింది. తనే పొరబడిందేమోనని హెడ్‌ఫోన్లు తీసి, స్పీకర్లో మళ్లీ పెట్టింది.

"తలుపు తియ్యి గ్రేసూ..."

వంటింట్లో గరిట కింద పడింది. గ్రేసమ్మ తడి చేతులతో పరుగున వచ్చి, వీధి తలుపుకు పై గడియ వేసింది, కింది గడియ వేసింది. తర్వాత కూతురి వెనక చేరి ఆమె నోరు గట్టిగా మూసింది. చేతికి ఉల్లిపాయ వాసన. చూపు తలుపు మీదే ఉంది.

"సప్పుడు జెయ్యకు బిడ్డా," అంది గుసగుసగా. "జరసేపైతె పోతడు."

టేపు ఆగిపోయింది. సందులో ఎండ తప్ప ఎవరూ లేరు. ఆ చేయి మాత్రం ఆమె నోటిమీద నుంచి కదల్లేదు. అంతకంటే భయం వేసిన సంగతి ఇంకొకటి. రోజీ తల తనంతట తానే వెనక్కి వాలి తల్లి కడుపుకు ఆనుకుంది, ఇలా ఊపిరి బిగబట్టడం ఒంటికి ఎప్పటినుంచో తెలిసినట్టు.

బలవంతంగా చేయి విడిపించుకుంది. "ఎవరమ్మా పోయేది?"

గ్రేసమ్మ నిద్రలోంచి లేచినట్టు చూసింది. "ఎవ్వలు లేరు."

"నాయిన నా మొకం గూడ సూడలేదంటివి. మరి ఆయనకు నా పేరెట్ల తెల్సు?"

గ్రేసమ్మ వంటింటి వైపు తిరిగింది.

"రెండు సంబంధాలొస్తె వద్దన్న. కన్నోనికే పనికిరాలే, వీళ్లకేం పనికొస్త అనుకున్న. ఎందుకు గిట్ల జేసినవ్?"

గ్రేసమ్మ నేలమీద కూలబడింది.

"నీకు పేరు పెట్టిందే ఆయన. తాగనంతసేపు మంచోడే, సిన్మాలల్ల గుంపుల అరిసే కూలికి పోతుండె. నీకు రెండేండ్లప్పుడు సంకల ఏసుకొని పోయి, తాగి, ఉప్పల్ బస్టాండుల నిన్ను మర్సి ఒక్కడే ఇంటికొచ్చిండు. నువ్వు దొరికేసరికి పొద్దుగూకింది. ఆ దినం బయటికి నూకి గడియ పెట్టిన. యాడాది దాంక వచ్చి తలుపు కొట్టిండు. మానేసిన అన్నడు. నువ్వు నాయినా అంటవని నీ నోరు మూసి కూసున్న."

"నిజంగ మానేసిండా?"

"తెల్వదు. కిటికీలకెల్లి ఒక్కపారి సూస్తె తెల్సేది, సూడలే. కామెర్లతోని పోయిండని ఆయన తమ్ముడొచ్చి చెప్పిండు. మట్టి చేసేకాడికి గూడ పోలే." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "మంచోడంటె నాయిన ఏడని ఎతుకుతవ్. అందుకే చెడ్డోన్ని జేసిన."

రోజీకి కోపం కట్టలు తెంచుకుంది. ఏదో అనబోయి, తల్లి చూపు ఇంకా గడియల మీదే ఉండడం చూసి ఆగిపోయింది. సినిమాలో ముట్టడి తెల్లారితే ముగుస్తుంది. ఈ మనిషికి ముప్పై ఏళ్లయినా తెల్లారలేదు. ఏడుపు ఆపుకోలేక తల్లి పక్కన కూర్చుండిపోయింది.

ఫోన్ మోగింది. జీవన్.

"ఆ పేర్లు నేను తియ్య," అంది రోజీ. "గుంపుల ఉండనియ్యి. ఆయన మా నాయిన."

"డైరెక్టర్ సార్‌తోని నేను మాట్లాడ్త," అన్నాడు అతను.

"ఇంకొక్కపారి పెట్టు," అంది గ్రేసమ్మ.

రోజీ పెట్టింది. గొంతు మళ్లీ బతిమాలింది. గ్రేసమ్మ పూర్తిగా వింది. లేచి వెళ్లి కింది గడియ తీసింది, పై గడియ తీసింది, రెండు రెక్కలూ బార్లా తెరిచింది. కూతుర్ని భుజం పట్టి గడప మీద నిలబెట్టి, కళ్లు తుడిచి, జుట్టు సర్దింది.

"ఇగో, సూడు," అంది ఖాళీ సందుతో. "ఎంత పెద్దగైందో."