చాందా ఫైనల్లో లేని పేరు

పొద్దున చాయ్ తాగడం కాగానే సాంబయ్య మంచం మీద దిండుకు ఆనుకుని, "ఇగ రాసుకో బిడ్డా" అన్నాడు. కూతురు రాజమణి తెల్లకాగితాలు ఒళ్లో సర్దుకుంది. భార్య సమ్మక్క గుమ్మం పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. బెల్లంపల్లిలో గనివాళ్లిచ్చిన ఆ రెండు గదుల ఇంట్లో కొద్ది రోజులుగా ఇదే వరస.

సాంబయ్య ఒకప్పుడు గని కబడ్డీ జట్టులో పేరు మోసిన ఆటగాడు. ఊపిరి బిగబట్టి కూత పెడుతూ అవతలి జట్టులోకి వెళ్తే ఒకరినైనా ఔట్ చేయకుండా తిరిగి వచ్చేవాడు కాదని పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఊపిరే ఇప్పుడు ఆయన మాట వినడం లేదు. నాలుగు మాటలు మాట్లాడితే ఆగి ఆయాసపడాలి. పనికి పోవడం మానేసి ఇంటిపట్టున ఉన్న తండ్రికి పొద్దు పోవాలి కదా అని, మంచిర్యాల కాలేజీలో చదువుతున్న రాజమణి అక్కడి గ్రంథాలయం నుంచి ఆటగాళ్ల ఆత్మకథలు తెచ్చి వినిపించడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు పుస్తకమైతే తనే తెలుగు చేసి చెప్పేది. క్రికెట్ ఆడినాయన, పరుగుపందేలు గెలిచినాయన, కుస్తీలు పట్టినాయన, అందరూ ఆ ఇంటికి వచ్చి పోయారు.

సాంబయ్యకు ఒక పట్టాన ఏదీ నచ్చేది కాదు. అన్నీ గెలిచిన ఆటలే రాసుకుంటే ఎట్లా, భయపడింది ఎక్కడ చెప్పాడు అని సగంలోనే పక్కన పెట్టించేవాడు. కుస్తీ ఆయన పుస్తకాన్ని మాత్రం రెండుసార్లు చదివించుకున్నాడు. ఆయన తను ఓడిన కుస్తీ గురించే ఎక్కువ రాశాడట.

సమ్మక్క మాత్రం ఏ పుస్తకానికైనా ఒకే ప్రశ్న వేసేది. "గీయనకు బువ్వ వండింది ఎవలు?"

దానికి ఏ పుస్తకంలోనూ జవాబు ఉండేది కాదు. రాజమణి వెతికి వెతికి, ఒకదాంట్లో చివరి పేజీలో భార్యకు కృతజ్ఞతలు చెప్పిన ఒక్క వాక్యం పట్టుకుని చదివితే, "పాపం, చానా పెద్ద మనసు జేసిండు" అని సమ్మక్క మూతి తిప్పుకుంది. ముగ్గురూ నవ్వుకున్నారు.

సాంబయ్యకు తన కథ రాయించుకోవాలన్న కోరిక అలా పుట్టింది. అప్పటి జట్టు కెప్టెన్ అంబదాస్‌కు ఇప్పుడు మంచిర్యాలలో చిన్న ప్రెస్సు ఉంది. నువ్వు చెప్పు, నేను అచ్చు వేస్తాను అని ఆయన ఉత్సాహపరిచాడు. అలా మొదలై కథ ఈ రోజు మహారాష్ట్రలోని చాందాలో ఆడిన ఫైనల్ దాకా వచ్చింది.

ఆ ఆట చెబుతుంటే సాంబయ్య ముఖం వెలిగిపోయింది. నాగపూర్ జట్టు ఎంత బలమైనదో, తమలో ఇద్దరే మిగిలినప్పుడు తను కూతకు వెళ్లి ముగ్గురిని ఎలా తాకి వచ్చాడో, మరాఠీ జనం కూడా తనను భుజాల మీద ఎలా ఎత్తుకున్నారో మంచం మీదే చేతులు ఆడించి చూపాడు. చివరికి కప్పు అందుకున్న ముచ్చట చెప్పి, ఊపిరి తీసుకుని, తర్వాతి ఏడాది వరంగల్‌లో ఆడిన ఆటకు వెళ్లిపోయాడు.

సమ్మక్క చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

"నడుమల ఏం లేదా?" అని అడిగింది.

సాంబయ్య ఆమె వైపు చూడలేదు. ఆట పుస్తకంలో ఇంటి సంగతులు ఎందుకని, ఎవరు మాత్రం రాశారని గొణిగాడు.

"అంజి ఇంటి సంగతా?"

రాజమణి కలం ఆగింది. తనకంటే ముందు ఒక అన్న పుట్టి పోయాడని ఆమెకు తెలుసు. పేరు వినడం మాత్రం అదే మొదలు. ఇంట్లో వాడి ఫొటో లేదు, వాడి గురించి మాట లేదు. మాట వస్తే నొస్తుందని భార్యాభర్తలిద్దరూ ఒకరికొకరు భయపడి, ఇరవై ఏళ్లకు పైగా వాడిని అలాగే దాచిపెట్టారు.

సమ్మక్క ఇప్పుడు దాచలేదు. కొండగట్టు అంజన్నకు మొక్కుకుంటే పుట్టిన పిల్లవాడికి నాలుగో ఏట జ్వరం ముదిరిందనీ, చాందాలో ఆడుతున్న తండ్రిని తీసుకురమ్మని పక్కింటి అంతయ్యను పొద్దుటి రైలుబండికి పంపిందనీ కూతురికి చెప్పింది. అంతయ్య వెళ్లేసరికి ఆట అయిపోయిందట. బండి ఆలస్యమైందట. సాంబయ్య మర్నాడు వచ్చేసరికి అంతా అయిపోయింది. వాళ్లలో చిన్నపిల్లలు పోతే పాడె కట్టరు, తండ్రే చేతుల మీద ఎత్తుకుపోతాడు. అంజిని మేనమామ ఎత్తుకుపోయాడు. ఇన్నేళ్లుగా సమ్మక్క తిట్టుకున్నది ఆ బండినే. మొగుణ్ణి ఒక్క మాట అనలేదు.

"బండి ఆలస్యమాయె. అది నీ తప్పు గాదని నేను ఎన్నడు అడగలే" అంది భర్తతో. "కప్పును రాయిస్తివి. నా కొడుకును ఒక్క మాట రాయిస్తే నీకేం తక్కువైతది?"

సాంబయ్య చాలాసేపు ఆయాసపడ్డాడు. రాజమణి నీళ్లిస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అంతయ్య బండి ఆలస్యం కాలే" అన్నాడు. "ఆట షురూ గాకముందే వచ్చిండు. గీత కాడ నిలబడి చెయ్యి ఊపిండు. ఎందుకొచ్చిండో నాకు ఎరుకైంది. మొకం తిప్పుకున్న. గీ ఒక్క ఆట అయినంక పోదామనుకున్న. పగటి బండి పోయింది. గా బండికి వస్తే పోరన్ని పానంతోని చూస్తుంటి సమ్మక్కా. అంతయ్యకు దండం పెట్టి, చెప్పకని ఒట్టేయించుకున్న."

అంతయ్య ఆ ఒట్టు తప్పకుండానే కన్నుమూసి ఐదారేళ్లయింది.

సమ్మక్క ఒళ్లోని ఈనెలు నేల మీద రాలిపోతుండగానే లేచి పెరట్లోకి వెళ్లింది. ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. రాజమణికి తండ్రి మీద కోపం ముంచుకొచ్చింది. ఇలాంటి మనిషి గొప్పలా తను ఇన్నాళ్లూ మెరుగులు దిద్ది రాసింది అనిపించింది. కానీ గోడ వైపు తిరిగి పడుకున్న ఆ వీపు ఎగిసిపడుతుంటే కోపం తెచ్చుకోవడం కూడా కష్టమైంది. అంబదాస్ కాకకు వద్దని చెప్పు, ఈ పుస్తకం ఇక్కడితో ఆపెయ్యి అన్నాడాయన గోడతో చెప్పినట్టు.

పొద్దు వాలేవేళకు సమ్మక్క లోపలికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. మంచం దగ్గరికి రాలేదు, కూతురి ఎదురుగా కూర్చుంది.

"ఆపుడేంది? రాయి బిడ్డా. నేను చెప్త."

అంజి వాకిట్లో బొగ్గుతో గీత గీసేవాడని చెప్పింది. తండ్రిలాగా తొడ చరుచుకుని కూత పెట్టేవాడు. రెండోసారి 'కబడ్డీ' అనేలోపే ఊపిరి అయిపోయి కిలకిలా నవ్వేవాడు. అయినా గెలిచానని చెప్పి బెల్లం ముక్క అడిగేవాడు. ఇవన్నీ సాంబయ్యకు తెలియవు. పని దిగగానే ఆయన మైదానానికి పోయేవాడు. గోడ వైపు ఉన్న మనిషి మెల్లగా ఇటు తిరిగాడు. ఒక్కొక్క మాటనూ ఆకలితో ఉన్నవాడిలా విన్నాడు.

ఆమె ఆగాక, ఇరవై ఏళ్లలో అడగలేని మాట అడిగాడు. "ఆఖరుకు నన్ను అడిగిండానే?"

చెప్పాలా వద్దా అన్నట్టు సమ్మక్క ఆయన ముఖంలోకి చూసింది.

"అడిగిండు. బాపు గెలిచిండా అని అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"గెలిచిండు బిడ్డా అన్న. నాకేం ఎరుక? ఉత్తగనే అన్న. నవ్విండు. ఇగ కండ్లు తెరవలే."

సాంబయ్య గొంతులోంచి వచ్చిన ఏడుపు రాజమణి ఎన్నడూ విననిది. ఏడవడానికి కూడా ఊపిరి చాలక ఆయన మంచం పట్టె పట్టుకుని వంగిపోయాడు. సమ్మక్క లేచి వెళ్లి వెనక కూర్చుని ఆయన వీపును తన గుండెకు ఆనించుకుంది. క్షమించానని అనలేదు. ఆ తర్వాత కూడా ఏనాడూ అనలేదు. కానీ కొడుకు కోసం ఆ ఇద్దరూ కలిసి ఏడ్చింది మాత్రం అదే మొదటిసారి అని రాజమణికి అర్థమైంది. కాగితాలు పక్కన పెట్టి ఆమె పొయ్యి వెలిగించింది.

పుస్తకం వానాకాలం మొదట్లో వచ్చింది. చాందా ఆటలో గీత దగ్గర నిలబడ్డ అంతయ్య ఉన్నాడు, తిప్పుకున్న ముఖం ఉంది, పోయిన పగటి బండి ఉంది. అంబదాస్ అట్ట మీద వేసిన కప్పు ఫొటోను సాంబయ్య సరిగా చూడను కూడా చూడలేదు. సమ్మక్కకు చదువు రాదు.

"వాని పేరు ఏడున్నదో చూపియ్యి" అంది భర్తతో.

సాంబయ్య పేజీలు తిప్పి, ఆమె వేలు పట్టుకుని ఆ అక్షరాల మీద పెట్టాడు. ఆమె వంగి చూసింది.

"గింత చిన్నగున్నదేంది?"

"వాడు గంతే ఉండె గదనే" అన్నాడు సాంబయ్య.

ఇద్దరూ చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు.