సైటు ఊడిన పిస్తోలు

"రేపు పదింటికి విచారణ, మేడమ్. నా చేత్తో బిగించిందే ఊడిపోయింది," అన్నాడు ఆర్మరర్. పోలీసు పిస్తోళ్ల మరమ్మతు చూసే మనిషి.

ముందురోజు మధ్యాహ్నం ఒక దొంగను పట్టుకోబోతుండగా, పోలీసైన ఆర్మరర్ అల్లుడి పిస్తోలు మీది రెడ్ డాట్ సైట్, అంటే గురి చూపే ఎర్రచుక్క అద్దం, మొదటి కాల్పుకే ఎగిరిపోయింది. గురి తప్పింది. దొంగ పేల్చిన గుండు అల్లుడి భుజంలో దిగింది. కూతురు అప్పటినుంచి తండ్రితో మాట్లాడటం లేదు.

"ఎలా బిగిస్తారు?" అని అడిగింది డిటెక్టివ్.

"స్క్రూ మరలకి జిగురు రాసి, బిగింపు కొలత చూపే స్క్రూడ్రైవర్‌తో తిప్పుతా. స్క్రూ తల మీంచి పక్కకి తెల్ల పెయింటుతో గీత పెడతా. కాస్త కదిలినా గీత విరిగినట్టు కనిపిస్తుంది."

"బ్యాటరీ?"

"సైటు అడుగునుంటుంది. మార్చాలంటే సైటు విప్పాల్సిందే. దానికి నేను కొత్త బ్యాటరీ వేసి తొమ్మిది నెలలైంది."

విచారణాధికారి అనుమతితో డిటెక్టివ్ ఆ ముక్కలను పరిశీలించింది. స్క్రూ మరల్లో జిగురు పొడిపొడిగా రాలుతోంది. తెల్ల గీతలో ముత్యపు మెరుపు. బ్యాటరీ మీద తయారీ తేదీ రెండు నెలల కిందటిది.

"నాకైతే ఉత్త స్క్రూలాగే కనిపిస్తోంది," అన్నాడు డిటెక్టివ్ అసిస్టెంట్, ఆమె ముఖంకేసి ఆరాధనగా చూస్తూ.

సాయంత్రం అల్లుడున్న ఆసుపత్రి గదిలో విచారణాధికారితో సహా అందరూ చేరారు. కూతురు భర్తకు మంచినీళ్లు పట్టిస్తోంది. ఆమె గోళ్లు ముత్యంలా తెల్లగా మెరుస్తున్నాయి.

"తొమ్మిది నెలల కిందట పెట్టిన బ్యాటరీ రెండు నెలల కిందట తయారవదు," అంది డిటెక్టివ్. "మధ్యలో ఎవరో సైటు విప్పారు. ఎండిన జిగురు విరిగింది. మళ్లీ రాయకుండా చేత్తో బిగించి, గీత చెదిరిందని పైన కొత్తది గీశారు. పెయింటుతో కాదు, గోళ్లరంగుతో."

కూతురు గ్లాసు కింద పెట్టేసి భర్తవైపు తిరిగింది. "నా గోళ్లరంగు బాటిల్ అందుకా అడిగావ్?"

అల్లుడు కళ్లు దించుకున్నాడు. "మామయ్యా, నేనే. చుక్క మసకేసింది. మీకు చెప్తే పిస్తోలు లోపల పెట్టేస్తారు, డ్యూటీ పోతుందని... తప్పు మీ మీదికొస్తుంటే నోరు రాలేదు."

ఆర్మరర్ కోప్పడలేదు.

"ఇంకెవరికైనా ఇలాగే మార్చావా?"

"ఇద్దరికి."

"వాళ్లెక్కడున్నారు?"

"ఇప్పుడు... డ్యూటీలో."

విచారణాధికారి అప్పటికే ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఆర్మరర్ పరుగున బయటికి వెళ్లాడు.

నలభై నిమిషాల తర్వాత రెండు పిస్తోళ్లు అతని బల్ల మీదికి వచ్చాయి. రెండింటి గీతలూ చెక్కుచెదరలేదు. పిస్తోళ్లలోంచి గుళ్లు తీసేసి, మొదటి సైటును రెండు వేళ్లతో పట్టుకుని కదిపాడు. కటకటలాడింది. రెండోదీ అంతే.

ఫోన్ మోగింది. కూతురు.

"నాన్నా, వాళ్లిద్దరూ తిరిగొచ్చారా?"

"వచ్చారమ్మా," అన్నాడు. జిగురు సీసా దగ్గరికి లాక్కున్నాడు.