రెండు మెట్లు కిందికి

2079 నాటికి పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళు జాతకాలు అడగడం కొంచెం తగ్గించారు గానీ, ఫోటోకి పూర్వాపరి పట్టించారా లేదా అని అడగడం మాత్రం మానలేదు. అబ్బాయి సముద్రం ఒడ్డున నవ్వుతూ నిలబడ్డ ఫోటో పంపిస్తే, ఆ నవ్వుకి ముందు ఇరవై సెకన్లు ఏం చేశాడో, తర్వాత ఇరవై సెకన్లు ఏం చేశాడో వీధి చివర దుకాణంలో చూపించేసేవారు. నవ్వు ముగిసిన మూడో సెకనులో తల్లిని కసురుకున్నాడని తేలి, కాకినాడలో ఒకడికి ఖాయమైన సంబంధం కాస్తా తప్పిపోయింది. అప్పట్నుంచి జనం ఫోటో దిగాక కూడా మనసులో ఇరవై లెక్కపెట్టుకునేదాకా మంచిగా ఉండడం అలవాటు చేసుకున్నారు. దేశంలో మంచితనం ఆ మేరకు పెరిగిందనే చెప్పాలి.

ఫోటో అంటే ఆగిపోయిన క్షణం అనుకుంటాం. నిజానికి అందులో ఏదీ పూర్తిగా ఆగదు. తడిబట్ట మడత ఎటు జారుతోంది, అల ఎటు విరగబోతోంది, కనురెప్ప మూసుకుంటోందా తెరుచుకుంటోందా అనే జాడలన్నీ కెమెరా మొదట దాచుకున్న మూలచిత్రంలో ఉంటాయి. శాస్త్రజ్ఞులు వాటికి ‘చలనశేషం’ అని పేరు పెట్టారు. పూర్వాపరి యంత్రం ఆ శేషాన్ని లెక్కగట్టి, ఇరవై సెకన్లు వెనక్కీ ఇరవై సెకన్లు ముందుకీ బొమ్మని నడిపిస్తుంది. పెదవుల కదలికను బట్టి మాటలు కూడా పలుకుతుంది. అయితే కెమెరా ముందున్నవాళ్ళ మాటలే. కెమెరా వెనకాల నిలబడ్డవాడి మాట దానికి అందదు.

ఇంకో సంగతి కూడా ఉంది. లెక్క కడితే ఏ ఫోటోకైనా ఒక గతం కాదు, చాలా గతాలు వస్తాయి. వాటిలో సంభావ్యత అన్నిటికన్నా ఎక్కువ ఉన్నదాన్ని యంత్రం మొదట చూపించి, ‘ఇలాగేనా?’ అని అడుగుతుంది. ‘ఇంకోసారి’ అంటే దానికన్నా తక్కువ సంభావ్యత ఉన్న రూపం చూపిస్తుంది. ధ్రువపత్రానికి మొదటి రూపమే పనికొస్తుందని చట్టం. దొంగ ఫోటోలతో విసిగిపోయిన ప్రభుత్వం, ఆ మొదటి రూపమూ ధ్రువపత్రమూ జతచెయ్యని బొమ్మ ఒక్కటి కూడా పాఠ్యపుస్తకాల్లో ఉండకూడదని ఆ ఏడాదే గడువు పెట్టింది.

ఆ ఉత్తర్వు చదివిన రోజు నుంచి ముమ్మిడి అప్పాజీకి అన్నం సహించడం మానేసింది.

అతనికి ఎనభై నాలుగేళ్ళు. ముప్పై ఏళ్ళు ఒక దినపత్రికలో ఫోటోగ్రాఫరుగా పనిచేశాడు. తీసినవి లక్షల ఫోటోలు, జనానికి తెలిసింది ఒక్కటి. 2029 తుఫానులో ఉప్పుటేరు పొంగి పల్లెపేట మునిగిపోయినప్పుడు, గుండెల్లోతు నీళ్ళలో నిలబడి మూడేళ్ళ కూతుర్ని రెండు చేతులా తలమీదికి ఎత్తిన ఒక మత్స్యకారుడి ఫోటో అది. అతని పేరు సంగాడి నూకరాజు. నోరు సగం తెరిచి, కళ్ళు పైకెత్తి ఉంటాడు. దేవుణ్ణి పిలుస్తున్నాడని కొందరు, ఈ లోకాన్ని నిలదీస్తున్నాడని కొందరు రాశారు. పిల్ల బతికింది. నూకరాజు మరుక్షణం కొట్టుకుపోయాడు. పిల్లని పట్టుకున్నవాడు అప్పాజీయే. ఆ బొమ్మ ఐదో తరగతి తెలుగువాచకంలో నలభై ఏళ్ళుగా ఉంది.

ఆ పిల్లే ఇప్పుడు డాక్టర్ సంగాడి గంగాభవాని. పెద్దమ్మ పెంచింది, జనం చదివించారు. కాకినాడ చిత్రపరిశోధన కేంద్రానికి ఆవిడే అధిపతి. పూర్వాపరికి పెదవుల భాష నేర్పిన శాస్త్రజ్ఞురాలు కూడా ఆవిడే. ఏటా దీపావళికి అప్పాజీకి ఉత్తరం రాస్తుంది, ‘బాబాయి గారికి’ అని. అతను ఒక్కసారి కూడా వెళ్ళి కలవలేదు. ఒంట్లో బాగుండలేదని జవాబు రాసేవాడు. అంత ఆరోగ్యంగా ఉన్నవాడికి అన్ని జబ్బులు ఎలా వచ్చాయో ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

ఈసారి తప్పించుకోలేకపోయాడు. మూలచిత్రం అతని దగ్గరే ఉంది. పోయిందని చెబుదామని రెండు నెలలు అనుకుని, ఆ మాట అనడానికి కూడా సిగ్గేసి, చివరికి పంపించేశాడు. ధ్రువపత్రం మీద సంతకం చేసే రోజు ఉదయం పదింటికి డ్రైవరు లేని ఆటో వచ్చి అతన్ని కేంద్రం గుమ్మం ముందు దింపింది.

“రండి బాబాయి గారూ, నెమ్మదిగా. మెట్లున్నాయి” అంటూ గంగాభవాని చెయ్యి అందించింది. యాభై మూడేళ్ళ మనిషి, జుట్టు సగం నెరిసింది. చెవులు మాత్రం అచ్చం నూకరాజువే. అప్పాజీ ఆ చెయ్యి పట్టుకోకుండా గోడ పట్టుకుని ఎక్కాడు.

గదిలో ఒక తెర, రెండు కుర్చీలు. యంత్రం తెర కింద ఇనప్పెట్టెలా కూర్చుని ఉంది.

“చూపించు” అంది గంగాభవాని.

తెర మీద నీళ్ళు కదిలాయి. అవతలి ఒడ్డు నుంచి నూకరాజు ఈదుకుంటూ, నడుచుకుంటూ వస్తున్నాడు, పిల్ల మెడని కరుచుకుని ఉంది. గుండెల్లోతు దాకా వచ్చాడు, పిల్లని ఎత్తాడు. బొమ్మ ఒక్క క్షణం ఆగింది, అందరికీ తెలిసిన ఆ ఫోటో దగ్గర. మళ్ళీ కదిలింది. చూపు ఒక్కసారిగా పక్కకి ఒరిగిపోయింది, కెమెరాని విసిరేసినట్టు. బొమ్మ అడుగు నుంచి రెండు చేతులు ముందుకి చాచుకుని వచ్చాయి. ఒకటి పిల్లని అందుకుంది. రెండోది నూకరాజు వేళ్ళ దాకా వెళ్ళింది. జానెడు దూరంలో తప్పిపోయింది.

“ఇలాగేనా?” అని అడిగింది యంత్రం.

అప్పాజీ బిగుసుకుపోయి కూర్చున్నాడు. ఇది జరగలేదు. ఇలా జరగలేదని ఈ భూమ్మీద తెలిసినవాడు తనొక్కడే. యంత్రం తప్పు చేసింది. యాభై ఏళ్ళుగా దేనికి భయపడ్డాడో అది రాలేదు, సరిగ్గా దానికి వ్యతిరేకమైనది వచ్చింది. గంగాభవాని వంగి అతని పాదాలకు దణ్ణం పెట్టింది. అతను వద్దనలేదు. పైగా తల మీద చెయ్యి పెట్టి, “నా బంగారు తల్లీ, అందలేదమ్మా, జానెడులో పోయాడు” అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో అతనికే తెలియదు. ఎనభై నాలుగేళ్ళ బతుకులో తనని తాను అంతగా అసహ్యించుకున్న నిమిషం ఇంకొకటి లేదు.

ఆవిడ లేచి సంతకం చెయ్యడానికి పలక అందుకుంది. ఆ చెయ్యి వణకడం అప్పాజీ చూశాడు. ముప్పై ఏళ్ళు మనుషుల చేతులూ మొహాలూ చూసి బతికినవాడు. సంతోషంతో వణికే చెయ్యి అలా ఉండదు.

“ఆగమ్మా” అన్నాడు. యంత్రం వైపు తిరిగి, “ఏమండీ, ఇది ఎన్నో రూపం?” అని అడిగాడు.

“ముప్పై ఏడోది” అంది యంత్రం.

“మొదటిదేమైంది?”

“చూపించాను. డాక్టరు గారు ‘ఇంకోసారి’ అన్నారు.”

“రెండోదో?”

“అప్పుడూ ‘ఇంకోసారి’ అన్నారు. ముప్పై ఆరుసార్లు అన్నారు.”

గంగాభవాని పలక ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూలబడింది. ఆవిడ మొహం చూడలేక అప్పాజీ తల తిప్పుకున్నాడు. ‘ఇంకోసారి’ అనే ఆ మాట తన ఉద్యోగంలో అందరికన్నా ఎక్కువసార్లు పలికినవాడు తనే. మంత్రి పులిహోర పొట్లం ఇచ్చేస్తే, “సార్, ఇంకోసారి” అని పొట్లం ముసలమ్మ చేతిలోంచి లాక్కుని మళ్ళీ ఇప్పించేవాడు. మొక్క నాటడం అయిపోతే పీకించి మళ్ళీ నాటించేవాడు. ఆ వృత్తిలో అందరూ అంతే. అది తప్పని ఎవరికీ తోచేది కాదు.

“నేను చెబుతా వినమ్మా” అన్నాడు. “మీ నాన్న అప్పటికే గట్టెక్కేశాడు. మోకాలెత్తు రేవు మెట్ల మీద కూర్చుని నిన్ను తుడుస్తున్నాడు. నా బండి బురదలో ఆగిపోయింది, పరిగెత్తుకొచ్చేసరికి దాటడం అయిపోయింది. రెండు మెట్లు కిందికి దిగి మళ్ళీ రమ్మన్నాను. ఇంకోసారి అన్నాను. దిగాడు. నీళ్ళలో నిలబడి, నిన్నెత్తి, ‘ఇలాగేనా బాబూ?’ అని అడిగాడు. జనం అన్నేళ్ళు అర్థాలు వెతికారే, ఆ తెరిచిన నోరు అందుకోసం తెరిచింది. కాళ్ళ కింద మెట్టు ఊడిపోయింది. నిన్ను ఒక చేత్తో పట్టుకున్నాను. రెండో చెయ్యి... రెండో చేతిలో కెమెరా ఉందమ్మా. వదల్లేదు.”

“తెలుసు” అంది గంగాభవాని. “మొదటి రూపంలో ఒక్క చెయ్యే వచ్చింది.”

“తెలిసీ నా కాళ్ళకి దణ్ణం పెట్టావా?”

“నన్ను బయటికి లాగింది ఆ ఒక్క చెయ్యే కదండీ.” గొంతు తగ్గించి చెప్పింది. “మీ కోసం మార్చానని అనుకుంటున్నారేమో. మీ కోసం కాదు బాబాయి గారూ. మా నాన్న కోసం.”

“మీ నాన్న ఏం చేశాడమ్మా?”

“నవ్వాడు. మీరు అడగ్గానే ‘ఆయ్, సరే బాబూ’ అని నవ్వాడు. నా మొహం తుడిచి, జుట్టు సవరించి, తన జుట్టు కూడా చేత్తో దువ్వుకున్నాడు. నేను ‘వద్దు నానా’ అంటున్నాను. ముప్పై ఆరు రూపాల్లోనూ అంటూనే ఉన్నాను. వినకుండా దిగాడు. పేపర్లో పడాలని సరదా పడ్డాడండీ మా నాన్న. ఆ సరదాకి మూడేళ్ళ పిల్లని నెత్తిన పెట్టుకుని ఆ నీళ్ళలోకి దిగాడు. నాకున్న నాన్నంతా ఆ ఒక్క బొమ్మే. రేపట్నుంచి ఐదో తరగతి పిల్లలు ఆ దువ్వుకోవడం చూసి నవ్వుతారు. అది ఎలా చూడను?” ఆవిడ కొంగుతో మొహం కప్పుకుంది. “శాస్త్రం చదివిన దాన్ని. నా చేత్తో నేనే చట్టం తప్పాను. మిమ్మల్ని తప్పు పట్టే మొహం కూడా లేదు నాకు.”

ఇక్కడికి వచ్చేటప్పుడు అప్పాజీకి ఒకటే భయం, తన పేరు పోతుందని. ఇప్పుడు ఆ పేరు ఎందుకో చాలా చిన్న సంగతిలా కనిపించింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“పిచ్చి తల్లీ, నేనన్న మాట ఈ యంత్రానికి వినపడదు కదా?” అన్నాడు.

“లేదండీ. కెమెరా వెనకాల మాట రాదు.”

“అదీ సంగతి. నేనేమన్నానో చెబితే నీకే తెలుస్తుంది. అవతల పేటలో ఇంకా నలభై మంది దాకా ఇళ్ళ కప్పుల మీద ఉన్నారు. ‘పేపర్లో ఈ ఫోటో పడితే సర్కారు పడవలు పంపిస్తుంది, పాప మొహం బాగా కనపడాలి’ అన్నాను. అందుకే తుడిచాడు, అందుకే జుట్టు సవరించాడు. నవ్వింది సరదాకి కాదమ్మా. పడవలొస్తాయని నవ్వాడు. వచ్చాయి కూడా. మీ పెద్దమ్మ ఆ పడవలోనే కదా గట్టెక్కింది?”

గంగాభవాని కొంగు తీసి అతని వైపు చూసింది. ఆ మొహంలో మూడేళ్ళ పిల్ల కనపడింది. “నిజంగా అన్నారా?”

“నీ మీద ఒట్టు.”

ఆవిడ చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి, లేచి, మొహం కడుక్కుని వచ్చింది. “అయితే మొదటి రూపమే పంపిస్తాను. కింద మీరు చెప్పిన మాట రాయిస్తాను. మీకు చెడ్డపేరు వస్తుంది బాబాయి గారూ. ఆ కెమెరా సంగతి...”

“రానీ తల్లీ. రావలసిందే.”

అప్పాజీ ఆ రోజు పడవల మాట అనలేదు. అవతల ఎవరున్నారో, ఎందరున్నారో అప్పటికి అతనికి తెలియను కూడా తెలియదు. అన్నది ‘రెండు మెట్లు కిందికి, ఇంకోసారి’ అని మాత్రమే. పడవలు వచ్చిన మాట నిజమే గానీ, ఫోటో అచ్చవకముందే అవి బయల్దేరాయి. యాభై ఏళ్ళు దాచుకున్న నిజం చెప్పడానికి అంత కష్టపడినవాడికి ఈ అబద్ధం మాత్రం తడబడకుండా వచ్చింది. ఫోటో కింద రెండు లైన్లు రాయడం అతనికి అలవాటైన పనే. ఈసారి సిగ్గుపడాలో వద్దో అతనికి తెలియలేదు. సిగ్గు మాత్రం తన దారిన తను వచ్చి కూర్చుంది.

గంగాభవాని మొదటి రూపాన్ని తెర మీదికి రప్పించింది. నూకరాజు నవ్వాడు, కూతురి మొహం తుడిచాడు, జుట్టు దువ్వుకున్నాడు, రెండు మెట్లు దిగాడు. ఈసారి ఆవిడ కళ్ళు తిప్పుకోలేదు. తండ్రిని చూసి తను కూడా కొంచెం నవ్వింది. తర్వాత ఒక్క చెయ్యి వచ్చింది.

“ఇలాగేనా, డాక్టరు గారూ?” అని అడిగింది యంత్రం.

“ఆఁ, ఇలాగే” అంది గంగాభవాని, సంతకం చేస్తూ.

అప్పాజీ తల వంచుకున్నాడు. ఆ రోజు నూకరాజుకి తను చెప్పిన జవాబు కూడా అదే. “ఆఁ, ఇలాగే. కదలకు.”